కౌంటరు దగ్గరి గయ్యాళి

లాండ్రీలో మిరపకాయక్కను పెట్టుకున్నది కయ్యానికి కాలు దువ్వడానికే. దుప్పటి రంగు దిగినా, చొక్కా కాలినా, వచ్చినవాళ్లు నోరు తెరవకముందే ఈవిడ నడుం మీద చెయ్యి వేసుకుని, తెచ్చినప్పుడే అలా ఉందని దబాయించాలి. గొడవ ముదిరాక కౌంటరు కింది బెల్లు నొక్కితే, లోపల యంత్రాల హోరులోంచి ఓనరు పరుగున వస్తాడు. ఆవిడకు నాలుగు చీవాట్లు పెట్టి, ఈసారి ఇస్త్రీ ఉచితమని వాళ్లను చల్లబరుస్తాడు. ఎంత తెలివో చూడండి! మంచివాడన్న పేరు ఆయనకు, గయ్యాళి పేరు ఈవిడకు.

నిజానికి ఇంట్లో ఆవిడ నోట్లో నాలుక లేని మనిషి. ఆడపడుచు ఇంట్లో ఓ మూల సర్దుకుని బతుకుతోంది. ఇక్కడ మానేద్దామన్నా, ఆ నోరు విన్నవాళ్లెవరూ పనికి పిలవరు. అలాంటిది బడి హాస్టల్లో ఆయా పని ఖాళీ అయింది. ఉండడానికి గది కూడా ఇస్తారట. కొత్తగా వచ్చిన ప్రిన్సిపల్‌కు ఈవిడ సంగతి తెలియదు, సోమవారం వచ్చి చేరమంది. మిరపకాయక్క అప్పుడే ఆ గది కిటికీకి కర్టెన్ కుట్టేసుకుంది.

శనివారం ఆ ప్రిన్సిపలే లాండ్రీకి వచ్చింది. ముందురోజు ఇక్కణ్ణుంచి తీసుకెళ్లిన కోటు మోచేతి దగ్గర కాలి ఉంది.

మిరపకాయక్క ఈసారి దబాయించలేదు. తప్పు తమదేనని నెమ్మదిగా ఒప్పుకుని, ఓనరును పిలుస్తానంటూ బెల్లు నొక్కింది. పాపం, ఇంకేం చేస్తుంది?

బెల్లు మోగితే ఓనరుకు ఒక్కటే అర్థం. వస్తూనే అలవాటుగా అందుకున్నాడు.

"మళ్లీ మొదలెట్టావా? ఏమనుకోకండి మేడం, ఈవిడ నోరు మంచిది కాదు. రోజూ ఎవరితోనో ఒకరితో గిల్లికజ్జా పెట్టుకుంటుంది."

"ఆవిడ ఏమీ అనలేదే," అంది ప్రిన్సిపల్.

"మీ మంచితనం కొద్దీ దాస్తున్నారు."

ఊరుకుంటే ఒప్పుకున్నట్టు, మాట్లాడితే ఎదురు తిరిగినట్టు. ఎటూ పాలుపోక మిరపకాయక్కకు ఏడుపూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. నేనేమీ అనలేదండీ అని మెల్లగానే చెబుదామనుకుంది. కానీ ఆ కౌంటరు వెనక కోపమొస్తే ఎలా పలకాలో ఆ గొంతుకు ఒక్కటే తెలుసు. ఆ మాట వీధి చివరిదాకా వినిపించింది. చెయ్యి దానంతటదే నడుం మీదికి పోయింది.

ప్రిన్సిపల్ ఓ అడుగు వెనక్కి వేసింది. హాస్టల్లో ఉండేది చిన్నపిల్లలు మరి.

"చూశారా?" అన్నాడు ఓనరు, రసీదు మీద ఉచితమని రాస్తూ.

ప్రిన్సిపల్ రసీదు తీసుకుని ఓనరుకు థాంక్స్ చెప్పింది. సోమవారం మాట ఎత్తకుండానే మెట్లు దిగి వెళ్లిపోయింది.