అత్త ప్రార్థించిన కాంక్రీటు

ఇంజనీరింగ్ చివరి ఏడు చదివే ఆ రోజుల్లో నాకు తెలియనిది లోకంలో ఏదీ లేదని నా గట్టి నమ్మకం. ఆళ్ళగడ్డలో మా మేనత్త గోడలు లేపి, కప్పు దగ్గర ఆగిపోయింది. వాగు గులకరాయితో స్లాబు వేస్తే నిలవదని, దూరం నుంచి కంకర తెప్పించమని మేస్త్రి అన్నాడు. ఆ తాహతు అత్తకు లేదు. ఆ గులక నిలుస్తుందో లేదో తేల్చడమే నా కాలేజీ ప్రాజెక్టుగా చేస్తానన్నాను. అత్త పెరట్లోనే (కాలేజీ నుంచి వచ్చాక భోజనం కూడా అక్కడే కనుక) వాగు గులకతో కాంక్రీటు దిమ్మెలు పోసి, కొన్ని నీళ్ళ తొట్టిలో, కొన్ని తడి గోనెసంచుల కింద, కొన్ని ఉత్త ఎండలో పెట్టాను. తర్వాత నంద్యాల కాలేజీ ల్యాబులో వాటిని పగలగొట్టి బలం చూడాలి. నిలబడితే అత్తకు కప్పు పడుతుంది.

"ఏందప్పా ఇది?" అంది అత్త. "క్యూరింగ్ అత్తా" అన్నాను (కాంక్రీటు గట్టిపడేదాకా తడిపి ఉంచడాన్ని మేం అలా అంటాం). ఆమె ముఖం వెలిగిపోయింది. అత్త స్వస్థత కూటాలు ఒక్కటీ వదలదు. క్యూర్ కావడమంటే ఆమెకు రోగం నయం కావడమే. "అట్లయితే ప్రార్థన చేస్తాలే" అంది. చేసుకోమన్నాను (సిమెంటుకు నష్టం లేదు కదా).

ల్యాబులో ఎండ దిమ్మెలు తొట్టి దిమ్మెలతో సమానంగా నిలబడ్డాయి. సారు కళ్ళద్దాలు తుడుచుకుని, "ఏమయ్యా, ఇవి నిజంగా ఎండలోనే ఉన్న్యాయా?" అన్నారు. మా వాగు రాయికి నీళ్ళే అక్కర్లేదని నేను కనిపెట్టేశాను. ఆ సంతోషంలో ఆళ్ళగడ్డ బస్సులో దారంతా నిలబడి వచ్చినా కాళ్ళు నొప్పి పుట్టలేదు.

"అత్తా, స్లాబు పోసి ఎండకు వదిలెయ్. నీళ్ళు పట్టే పనే లేదు."

"యాడి ఎండప్పా? దినామూ నేను బిందెలు బిందెలు పోస్తాంటి గదా."

"ఎవరు పొయ్యమన్నారు?"

"అందరికీ నీళ్ళిచ్చి వాటినొక్కటే ఎండలో పడేస్తివి. అవేం పాపం చేసినాయి? ప్రార్థన చేసి నీళ్ళు పోసి, గోనె కప్పుతాంటి. నువ్వొచ్చే యాళకు తీసేస్తాంటి, నీ మనసు నొచ్చుకుంటాదని."

నా పరిశోధన అక్కడికక్కడే కూలింది. సారు దిమ్మెలు మళ్ళీ పోయించారు. ఈసారి కాలేజీ మిద్దె మీద, అత్త కరుణ అందని చోట ఎండినవి ల్యాబులో తక్కువ బరువుకే పగిలిపోయాయి. తడిసినవి గట్టిగా నిలిచాయి. అంటే రాయికి లోపం లేదు, నీళ్ళు పడితే చాలు. మేస్త్రి ఒప్పుకున్నాడు. అత్త కొత్త స్లాబు మీద గట్లు కట్టి నీళ్ళు నిలిపి, పక్కన కూర్చుని ప్రార్థన కూడా చేసింది. "ఇంగ చేపలు ఇడిసిపెట్టమ్మా" అన్నాడు మేస్త్రి.

మొన్న పెద్ద వానలో మధ్యాహ్నం ఆ ఇంట్లోనే కునుకు తీశాను. ఒక్క చుక్క కారలేదు. నీళ్ళు అక్కర్లేదని చెప్పడానికి పరుగెత్తుకొచ్చిన ఆ పిల్లవాడు గుర్తొచ్చి నవ్వుకున్నాను. పాపం, ఎంత సంతోషంగా వచ్చాడో. ఆ రోజు అత్త అతని మాట విని ఉంటే, ఈ కప్పు కింద పడుకునే ధైర్యం నాకుండేది కాదు.