అయిదో మనిషి

మొదటి సంవత్సరం నేను చదివిన ప్రైవేటు యూనివర్సిటీని ఈ రోజుకీ తిట్టకుండా దాటలేను. నాయుడుపేట దగ్గర హైవే పక్కనే ఉంటుంది. బస్సులోంచి దాని గేటు కనబడితే చాలు, నా నోట్లో ఏదో ఒక మాట సిద్ధంగా ఉంటుంది. ఆక్వాకల్చర్ చదువుదామని చేరాను. ఏడాది పొడుగునా మైక్రోస్కోపును బీరువా అద్దంలోంచే చూశాం. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగినందుకు నాకు ఇంటర్నల్ మార్కులు కోశారు. అక్కడే ఇంకా కూర్చుంటే చేతికి పట్టా వస్తుందేమో గానీ చదువు మాత్రం రాదు.

కావలి అవతల ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో, మా కోర్సులోనే, రెండో ఏడాదికి ఒక సీటు ఖాళీ అయింది. దరఖాస్తు పెట్టాను, వచ్చింది. ఇక కావాల్సింది పాతవాళ్ల ఎన్‌ఓసీ ఒక్కటే. ఈ పిల్ల వెళ్లిపోతే మాకేం అభ్యంతరం లేదని ఒక ముక్క రాసిస్తే చాలు. ఆఫీసుకు వెళితే, అక్కడి అధికారి నా ముఖమైనా చూడకుండా ఏ ఊరని అడిగాడు.

"సరస్సు ఒడ్డు కుప్పమా? మీ రూట్లో మన బస్సు ఎక్కేది అయిదుగురే గదా. అయిదుగురికి తగ్గితే బండి తిప్పం. నువ్వు పో తల్లీ, నేనేమన్నా వద్దన్నానా? కాకుంటే మిగతా నలుగురి ఇళ్లకీ ఫోన్ చేసి, బస్సు ఎవరి వల్ల ఆగిపోయిందో చెప్పాల గదా."

చిరునవ్వుతోనే అన్నాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

కుప్పమంటే జాలర్ల పల్లె. మా కుప్పంలో అందరిదీ చేపల వేటే. ఆర్టీసీ బస్సు పెద్దరోడ్డు దాకానే వస్తుంది. అక్కడినుంచి ఉప్పు నేలల్లో నడక. ఆ దారిన ఆడపిల్లల్ని పంపరు. యూనివర్సిటీ బస్సు ఊరి మలుపు దాకా వచ్చేది గనకే మమ్మల్ని చదువుకు పంపారు. ఆ నలుగురిలో మా పక్కింటి పిల్ల ఒకతె. చిన్నప్పటి నుంచి ఇద్దరిదీ ఒకటే బెంచీ. బస్సులో తనకు వాంతులవుతాయని కిటికీ సీటు ఎప్పుడూ తనకే వదిలేసేదాన్ని.

ఆ అధికారి అన్నంత పనీ చేశాడు. సాయంత్రానికల్లా కాపులు మా వాకిట్లో కూర్చున్నారు. మా కుప్పంలో ఊరి పెద్దల్ని కాపులంటారు. వాళ్ల మాట దాటితే దురాయి వేస్తారు. అంటే ఊరి కట్టడి. అది పడితే మా నాయన పడవ నీళ్లలోకి దించకూడదు.

"ఒక్క బిడ్డ కోసం నలుగురు బిడ్డలు ఇంట్లో కూచోవాల్నా? దాన్ని ఆడనే చదువుకోమను," అన్నాడు పెద్దకాపు మా నాయనతో.

నాకు ఒళ్లు మండిపోయింది.

"బస్సు ఆపేది వాళ్లు. వాళ్లనడగండి. అందరూ పోయి ఆ గేటు ముందర కూచుంటే ఎట్ట తిప్పరో చూద్దాం," అన్నాను.

కాపుల ముందు ఆడపిల్ల నోరెత్తిందని గుసగుసలు పోయారు. ఆ యూనివర్సిటీ అద్దాల మేడ దాకా వెళ్లడానికి ఎవరికీ కాళ్లు రావు. నా మీదికి రావడానికి మాత్రం ఊరంతా వచ్చింది.

అప్పుడు మా అమ్మ లోపలినుంచి వచ్చి గడపలో నిలబడింది. "నా బిడ్డ మనిషి. అది లేకుంటే బండి కదలదనడానికి బస్సు టైరనుకున్నారా?" అంది.

కాపులు లేచి వెళ్లిపోయారు. దురాయి వేయలేదు. మా ఇంటితో మాట్లాడటం మానేశారు.

నేను ఎన్‌ఓసీ తెచ్చుకుని ఈ ప్రభుత్వ యూనివర్సిటీకి వచ్చేశాను. ఆ వారం నుంచే మా ఊరికి బస్సు రాలేదు. పక్కింటి పిల్ల తల్లి మా అమ్మను బోరింగు దగ్గర నిలబెట్టి, "నీ కూతురు పోతే పోయింది, బస్సును గూడా ఎత్తుకపోయిందే," అందట. అమ్మ ఫోన్లో చెబుతుంటే హాస్టల్ మెట్ల మీద కూర్చుని అందర్నీ తిట్టాను. బస్సు ఆపినవాణ్ణి ఊళ్లో ఒక్కరూ ఒక్క మాట అనలేదు, తిట్లన్నీ నాకే.

ఇక్కడ మైక్రోస్కోపు బల్ల మీదే ఉంటుంది. మొదటిసారి అందులో రొయ్యపిల్ల కన్ను చూసినప్పుడు, పక్కింటి పిల్లకు చెప్పాలని ప్రాణం కొట్టుకుంది. ఫోన్ చేశాను. ఎత్తలేదు.

మొదటి సెలవులకు ఇంటికి వెళ్లి, తిరిగి బయల్దేరే రోజు పొద్దున ఊరి మలుపులో ఆటో కోసం నిలబడ్డాను. ఒకప్పుడు మా బస్సు వచ్చే వేళకే ఒక వ్యాన్ వచ్చి ఆగింది. రొయ్యల కంపెనీది. రొయ్యలు వలిచే పనికి ఆడవాళ్లను ఎక్కించుకుపోతుంది. పక్కింటి పిల్ల తలకు గుడ్డ కట్టుకుని, క్యారియర్ పట్టుకుని వచ్చింది. మా మలుపులో ఎక్కింది తనొక్కతే. కిటికీ పక్కన కూర్చుని నా వైపు చూసింది. నేను ఏదో అనబోయాను. తప్పయిపోయిందని మాత్రం కాదు. ఆ మాట చెప్పాల్సిన మనిషి హైవే పక్క ఆఫీసులో కూర్చుని ఉన్నాడు.

"ఎక్కుతావా మే?" అంది తనే. "దీనికి అయిదుగురు అక్కర్లా. ఒక్కరున్నా వస్తాది."

వ్యాన్ కదిలింది. నేను ఆటో కోసం అక్కడే నిలబడ్డాను.