నూరుసార్లు కడిగిన నెయ్యి

మా అమ్మాయి విశాఖపట్నం హాస్టల్ నుంచి ఇంటికి రావడం మానేసింది. మొదటి వారం పరీక్షలంది. రెండో వారం జలుబంది. మూడో వారానికి వంకలు అయిపోయినట్టున్నాయి, నిజమే చెప్పేసింది. "నువ్వు అరుస్తన్నావమ్మా. నేను వచ్చిన దగ్గర్నించి ఎల్లేదాకా అరుస్తన్నావు. అరవడం మానేసేక సెప్పు, అప్పుడొస్తాను" అని ఫోన్ పెట్టేసింది. నేను నిజంగా అంత అరుస్తున్నానా అని పొయ్యి దగ్గర నిలబడి ఆలోచించాను. ఈలోగా పాలు పొంగాయి. పాల మీద అరిచాను.

నాకు నలభై ఏడేళ్ళు. ఏడాదిగా నెలసరి దాని ఇష్టమొచ్చినట్టు వస్తోంది. వస్తే ఓ పట్టాన పోదు, పోతే రెండు నెలలు జాడ ఉండదు. మాఘమాసం చలికి చోడవరమంతా ముసుగులు తన్ని పడుకుంటే, నేను ఫ్యాన్ ఐదులో పెట్టుకుని చెమటలు తుడుచుకుంటున్నాను. మా ఆయన చెరకు రైతు, నెమ్మదస్తుడు. ఆ ఫ్యాన్ కింద మంకీ క్యాప్ పెట్టుకుని, రెండు దుప్పట్లు కప్పుకుని, ఒక్క మాట అనేవారు కాదు. ఆయన ఏమీ అనడం లేదని కూడా నాకు కోపమే.

ఇదంతా ఏమిటో నాకు తెలీక కాదు. పైకి అంటే ఆ రోజు నుంచే ముసలిదాన్ని అయిపోతానని భయం. ఇంట్లో మా అత్త ఉంది. డెబ్భై దాటినా గొంతు తగ్గలేదు. ఆవిడ చెవిన పడ్డ మాట మధ్యాహ్నానికల్లా వీధి చివరికి చేరిపోతుంది. ఇక కూతురంటారా, ఇరవై ఏళ్ళ పిల్లతో ఇలాంటివేం మాట్లాడతాం?

అది రాలేదు గానీ ఒక వీడియో పంపింది. మంచీ చెడ్డా ఏమీ రాయలేదు, వీడియో ఒక్కటే. తెల్లటి వంటింట్లో తెల్లటి బట్టలు కట్టుకున్న ఒకావిడ మూలికలతో బాడీ బటర్ చేస్తోంది. అది ఒంటికి రాసుకుంటే ఆడవాళ్ళ హార్మోన్లు దారిలో పడతాయట, మనసు చల్లబడుతుందట. ఆవిడ వంటింట్లో ఒక్క గిన్నె కూడా జిడ్డుగా లేదు, అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. కానీ నాకు కావలసింది ఒక్కటే, పిల్ల ఇంటికి రావాలి. ఇది రాసుకుంటే అరవడం తగ్గుతుందంటే రాసుకోడానికేం?

దానికి షియా బటర్ కావాలంది ఆవిడ, ఏదో ఆఫ్రికా గింజల కొవ్వట. ఇక్కడ రెండు ఫ్యాన్సీ షాపుల్లో అడిగాను. ఒకాయన "కేకు మీద పూసేదా అమ్మా?" అన్నాడు. ఇంకొకాయన ముఖానికి రాసుకునే తెల్ల క్రీము చూపించి, వారంలో రంగు తేలతారని హామీ ఇచ్చాడు. ఆయన మీద అరిచాను. ఇంటికొచ్చి వీడియో మళ్ళీ చూస్తే, అది దొరకనివాళ్ళు రాగి పళ్ళెంలో నెయ్యి నూరుసార్లు నీళ్ళతో కడిగి వాడుకోవచ్చని చివర్లో చెప్పింది. ముందే చెప్తే ఆవిడ సొమ్మేం పోయింది?

నెయ్యి ఇంట్లోనే ఉంది. శతావరి వేర్లు, అశ్వగంధ పొడి కోసం మూలికల కొట్టుకి వెళ్ళాను. కొట్టాయనది వడ్డాది. మా అత్త పుట్టిల్లూ అదే ఊరు.

"శతావరేటమ్మా? పాలు పడ్డానికేనా?" అన్నాడాయన.

మావైపు ఆ వేరు బాలింతల కోసమే కొంటారు, ఇంకెందుకూ కొనరు. నా వెనకాల నలుగురు మగాళ్ళు నిలబడి ఉన్నారు. నెలసరి ఆగిపోయే వయసండీ, ఒంటికి రాసుకోడానికండీ అని వాళ్ళ ముందు ఎలా చెప్పను? "ఆఁ" అన్నాను.

"ఎవులికమ్మా?"

"ఇంట్లోకే."

ఆయన నా ముఖం చూశాడు. తర్వాత నా పొట్ట చూశాడు. నేను కాస్త ఒళ్ళున్న మనిషినే. ఎంతో మర్యాదగా శొంఠి, పిప్పళ్ళు కూడా పొట్లం కట్టాడు. "కాయంలోకి ఇవి కూడా ఉండాలమ్మా" అన్నాడు. బాలింతలకి పెట్టే ఘాటు లేహ్యాన్ని కాయం అంటారు. వద్దంటే ఇంకా ఏం అడుగుతాడోనని అవి కూడా పుచ్చుకుని బయటపడ్డాను. నా కొంప నేనే ముంచుకున్నాను.

మర్నాడు మా అత్త తన తమ్ముణ్ణి చూసొస్తానని వడ్డాది వెళ్ళింది. ఇదే అదనని మొదలుపెట్టాను. మూలికలు నేతిలో వేసి, సన్నటి సెగ మీద మరగబెట్టి, గుడ్డలో వడగట్టాను. రాగి పళ్ళెంలో పోసి, నీళ్ళు చల్లి, అరచేత్తో రుద్దడం, ఆ నీళ్ళు వంపడం, మళ్ళీ చల్లడం. ఇరవైకి చెయ్యి లాగింది. నలభై మూడో కడుగులో పాలావిడ పిలిచింది. తిరిగొచ్చి యాభై మూడు నుంచి అందుకున్నాను. పది కడుగులు ఎగ్గొట్టానని నాకు తెలుసు, నేతికి తెలీదు కదా. చివరికి అది నురగలా తెల్లగా, మెత్తగా తేలింది. వాసన కోసం మరువం కూడా వేశాను. పెళ్ళివంటల పందిట్లో పూలబుట్ట దించినట్టుంది ఆ వాసన. రాసుకుని హాల్లోకి వస్తే పక్కింటి పిల్లి నా వెనకే వచ్చి, నా మడమలు నాకబోయింది.

అత్త రెండు రోజుల తర్వాత తిరిగొచ్చింది. ఆ రోజు నుంచి ఇల్లు మారిపోయింది. నేను నీళ్ళ బకెట్ ఎత్తబోతే లాక్కుంది. "నువ్వొంగకు. నానున్నాను కదేటి" అంది. ఇరవై రెండేళ్ళలో ఆవిడ నా చేతిలో బకెట్ పెట్టడమే గానీ తీసుకోవడం నేనెరగను. కంచంలో బొప్పాయి ముక్కలు పెట్టుకుంటే తీసి పక్కన పెట్టేసి, "వేడి చేస్తాది" అంది. మా ఆయన సాయంత్రం కోవా పట్టుకొచ్చి నా చేతికిచ్చి, నావైపు ఓసారి చూసి, గుమ్మం బయటికెళ్ళి వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నారు. లెక్క తేలనట్టుంది, మళ్ళీ మొదట్నుంచి పెట్టుకున్నారు.

ఇదంతా నెయ్యి మహిమే అనుకున్నాను. నా మనసు చల్లబడితే ఇంటిల్లిపాదీ చల్లబడ్డారని మురిసిపోయి, రోజుకి రెండుసార్లు పట్టించాను. నాలుగు రోజులు నేను అరవలేదు. అరవడానికి ఎవరూ అవకాశమే ఇవ్వలేదు. అమ్మాయికి ఫోన్ చేసి, "నేను అరిచి నాలుగు రోజులైందే, రా" అన్నాను.

"తెలుసు. నానమ్మ సెప్పింది. శనివారం వస్తన్నాను" అంది. గొంతు అదోలా ఉంది. నామీద బెంగ పెట్టుకుందనుకున్నాను.

శనివారం ఉలవచారు కాచి, దొండకాయ వేపుడు చేసి కూర్చున్నాను. దారిలో చెరకు ట్రాక్టర్లు అడ్డంపడి బస్సు ఆలస్యమైంది. రెండింటికి వచ్చి, బ్యాగ్ గుమ్మంలోనే పడేసింది.

"ఎన్నో నెలమ్మా నీకు?"

"ఏటి?"

"కడుపంట కదా. ఎన్నో నెల?"

నేను మా అత్త వైపు చూశాను. ఆవిడ వరండాలో కూర్చుని, రోట్లో బెల్లం వేసి శొంఠి దంచుతోంది. అప్పటికి గానీ నాకు వెలగలేదు.

"కొట్టాయన వడ్డాదిలో కనపడి సెప్పేడు. ఇంట్లోకే అన్నావట, కాయం సామానట్టుకెల్లేవట" అంది అత్త, రోకలి ఆపకుండా. "నువ్వే సెప్తావని నాను ఒక్కలతో అన్లేదు. ఈ గుంటపిల్లకీ, నీ మొగుడికీ, మా తమ్ముడికీ, పాలావిడకీ తప్ప."

మా ఆయన గుమ్మంలో నిలబడి, "నేను ముందు నుంచీ అంటూనే ఉన్నాను, లెక్క కుదరట్లేదని" అన్నారు.

నాలుగు రోజులు దాచుకున్న అరుపంతా గొంతుదాకా వచ్చింది. నోరు తెరిచి పిల్ల ముఖం చూశాను. కళ్ళు ఎర్రగా ఉబ్బిపోయి ఉన్నాయి.

"ఈ వయసులో నీకేటన్నా అయితే? బస్సులో కూసున్న కాడ్నించి ఏడుస్తానే వచ్చేను. నేను రానన్నాననే నాకు సెప్పలేదా?"

అప్పుడు సిగ్గూ లేదు, వీధీ లేదు. నడింట్లో నిలబడి చెప్పేశాను. "కడుపూ లేదు, కాయమూ లేదు. నాకు ముట్లాగిపోతన్నాయే. ఒళ్ళు మండిపోతంది. నిద్దర లేదు. ఎందుకు కోపమొస్తందో నాకే తెలీట్లేదు. నీ మీద కాదే కోపం. ఒట్టు, నీ మీద కాదు."

వరండాలో రోకలి ఆగింది.

"నాకూ అంతే. నాలుగేళ్ళు తినేసింది" అంది మా అత్త. "సరిగ్గా అప్పుడే నువ్వు కోడలుగా వచ్చేవు. పాపం, నువ్వు నా దగ్గర సుకపడింది లేదు."

కాపురానికి వచ్చిన కొత్తలో నేను రోజూ పెరట్లోకెళ్ళి ఏడ్చేదాన్ని. ఆవిడకి నేనంటే గిట్టదనే ఇన్నేళ్ళూ అనుకున్నాను. "మరప్పుడే నాకు సెప్పలేదేటత్తా?" అన్నాను.

"నువ్వు దీనికి సెప్పేవేటి?" అంది మనవరాలిని చూపిస్తూ.

పిల్ల వచ్చి నా భుజం మీద తల పెట్టింది. పెట్టినది వెంటనే తీసి ముక్కు మూసుకుని, "అమ్మా, ఏటిది, పెసరట్టు వాసనొస్తన్నావు" అంది. అందరం నవ్వాం. మా ఆయన అందరికంటే ఎక్కువ నవ్వారు, ఆయనకి పెద్ద గండం గడిచింది మరి.

ఆదివారం సాయంత్రం వెళ్ళాల్సిన పిల్ల ఉండిపోయి, సోమవారం నన్ను అనకాపల్లిలో లేడీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ రక్తపరీక్షలు రాసింది, స్కానింగ్ రాసింది. అంతంత రోజులు నెలసరి పోకుండా ఉంటే ముందే రావాలి కదమ్మా అని మెత్తగా చీవాట్లు పెట్టింది. నెయ్యి సంగతి అడిగితే, దాంతో హార్మోన్లు మారవు గానీ కాళ్ళ పగుళ్ళకి భేషుగ్గా ఉంటుందంది. మిగిలిన నెయ్యి డబ్బా మా అత్త మడమల కోసం పట్టుకుపోయింది. పిల్లి ఇప్పుడు ఆవిడ మంచం కింద పడుకుంటోంది.

ఆ పై శనివారం నేను పిలవకుండానే పిల్ల వచ్చింది. వచ్చిన గంటకే తడి తువ్వాలు మంచం మీద పడేసిందని గట్టిగా అరిచేశాను. ఇక ఇది బ్యాగ్ సర్దుకుంటుందనుకున్నాను. అది తువ్వాలు తీసి తీగ మీద ఆరేసి, చెంబుతో నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చి, నేను తాగేదాకా పక్కనే కూర్చుంది.