ఫస్టు షిఫ్టు ఇల్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పగలు మాట్లాడటం నేరం. అర్ధరాత్రి గొంతు చించుకున్నా ఎవరూ ఏమీ అనరు గానీ, పొద్దున పదకొండింటికి గ్లాసు జారి కింద పడిందా, నా వీపు విమానం మోతే. మా నాయన గోదావరిఖనిలో బాయి పనికి వెళ్ళేవాడు. బొగ్గు గనిని మా దగ్గర బాయి అంటారు. ఒక వారం పొద్దున మొదలయ్యే ఫస్టు షిఫ్టు, ఒక వారం మధ్యాహ్నం మొదలయ్యే సెకండు, ఒక వారం నైటు. నైటు షిఫ్టు వారంలో ఆయన పొద్దున వచ్చి, ఒంటి నలుపు వదిలేదాకా రుద్దుకుని స్నానం చేసి, నాలుగు ముద్దలు తిని పడుకుంటే మధ్యాహ్నం దాకా లేవకూడదు. మధ్యలో నిద్ర చెడితే ఆ రాత్రి భూమి కింద కునుకు పడుతుంది. అక్కడ కునుకు పడితే ఏమవుతుందో నాకెవరూ విడమరిచి చెప్పలేదు, అయినా తెలుసు.

మేముండేది కంపెనీ క్వార్టర్ కాదు. నాయనకు క్వార్టర్ ఇంకా రాలేదు. పొడుగాటి రేకుల కప్పు, దాని కింద వరుసగా అయిదారు గదులు, గదికొక సంసారం. అడ్డగోడలు రేకుల దాకా లేచేవి కావు. పక్క గదిలో తుమ్మితే మా అమ్మ ‘చిరంజీవ’ అనేది. పడకా, వంటా, దేవుడి పటాలూ, నా పుస్తకాలూ అన్నీ ఆ ఒక్క గదిలోనే. ఎండాకాలం వచ్చిందంటే ఆ రేకుల కింద మనిషికి, పెనం మీది రొట్టెకు పెద్ద తేడా ఉండేది కాదు.

అలాంటి గదిలో మగమనిషి పగటి నిద్ర పోతుంటే ఆడవాళ్ళు ఎక్కడ వండాలి? పంపు స్టవ్ వెలిగిస్తే హోరు. పోపు పెడితే ఘాటు. బయట వండుకుందామంటే నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గని వైపు నుంచి నల్ల దుమ్ము వచ్చి అన్నం మీద మిరియాల పొడిలా పడేది. అందుకని మా వరుసలో ఒక పద్ధతి నడిచేది. ఏ ఇంటి మగవాడు ఆ వారం ఫస్టు షిఫ్టుకు పోయాడో, ఆ ఇల్లు పగలంతా అందరిదీ. ఎవరి బియ్యం, ఎవరి నూనె, ఎవరి కిరోసిన్ వాళ్ళు తెచ్చుకుని అక్కడే వండుకునేవారు. పిల్లలం అక్కడే దొర్లేవాళ్ళం. రమ్మని పిలిచేవాళ్ళు లేరు, రావచ్చా అని అడిగేవాళ్ళూ లేరు. షిఫ్టు మారితే వంటిల్లు మారేది, అంతే.

ఆ వేసవిలో మా పక్క గదిలోకి ఒక కొత్త జంట దిగింది. తెలంగాణ ఇంకా గోడల మీది రాతల్లోనే ఉన్న రోజులవి. ఊరికి ఫోన్ చేయాలంటే చౌరస్తాలో రూపాయి బిళ్ళ డబ్బా దగ్గర నిలబడాలి. వాళ్ళది మానేరు నది అవతల ఏదో పల్లె. పెళ్ళయి ఏడాది కూడా నిండలేదు. ఆయన తండ్రి జబ్బుపడి బాయి పని మానేస్తే ఆ కొలువు కొడుక్కి వచ్చింది. ఆమెను నేను అక్కా అన్నాను కాబట్టి ఆయన నాకు బావ అయ్యాడు. బావది బదిలీ వర్కర్ పని. ఏ షిఫ్టులో ఎవరు రాకపోతే అక్కడ దిగాలి. ఏడాదిలో సరిపడా మస్టర్లు, అంటే హాజరీలు, పడితే పర్మినెంటు చేస్తారు. పడకపోతే మళ్ళీ మొదటికే. ఊళ్ళో ఉన్న కాస్త పొలం తండ్రి వైద్యానికి పోయింది కాబట్టి ఈ కొలువు నిలవకపోతే వాళ్ళకు వెనక్కి వెళ్ళి చేసుకోవడానికీ ఏమీ లేదు.

అక్కకు మా ఊరు మొదటి రోజు నుంచీ గిట్టలేదు. ఉతికిన చీర ఆరేలోపే నల్లబడుతోందని చిరాకు. మధ్యాహ్నం గనిలో బాంబులు పేలిస్తే గూట్లో గిన్నెలన్నీ గలగలలాడుతున్నాయని చిరాకు. మొగుడు ఎప్పుడు తింటాడో ఎప్పుడు పడుకుంటాడో ఒక వేళాపాళా లేదని మరీ చిరాకు. ఆమె మాటల్లో ‘మా ఇల్లు’ అంటే పల్లెలో అత్తగారిల్లు. తానుంటున్నదాన్ని ‘గీ రూము’ అనేది. గీ రూముల గాలి రాదు, గీ రూముల ఉంటే పిచ్చి లేస్తది, ఇదే పాట. గోడ అవతల నేను లెక్కలు చేసుకుంటూ ఆ పాట వినేదాన్ని. నిజం చెప్పాలంటే నాకూ ఆమె మీద ఒళ్ళు మండేది.

మండదా మరి! నాయనకూ బావకూ ఒకేసారి నైటు షిఫ్టు పడింది. మా అమ్మా నేనూ గిన్నెలు పట్టుకుని చివరింటి అవ్వ దగ్గరికి పోయేవాళ్ళం. అవ్వ కొడుక్కి ఆ వారం ఫస్టు షిఫ్టు. అక్క మాత్రం తన గదిలోనే పంపు కొట్టి స్టవ్ వెలిగించేది. ఆ హోరుకు మా నాయన దిగ్గున లేచి కూర్చునేవాడు. కొత్తగా వచ్చిన పిల్లను ఏమీ అనలేడు కాబట్టి, ఆ కోపం బయట ఆడుకుంటున్న నా మీద పడేది. గోడకు అటు పక్క బావ పరిస్థితి ఇంకా అన్యాయం. మిరపకాయల ఘాటుకు దగ్గుతూ లేచేవాడు, మొగుడూ పెళ్ళాలు గొంతులు తగ్గించి పోట్లాడుకునేవారు. గొంతు తగ్గించుకున్న పోట్లాట ఎంత ఘోరంగా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. పగలు నిద్ర లేక బావ సాయంత్రం కూలబడి ఒళ్ళు మరిచి పడుకునేవాడు. లేచేసరికి షిఫ్టు వేళ దాటిపోయేది. మస్టర్ పోయేది. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ పోయింది. ఇట్లా నాగాలు పెడితే పర్మినెంటు కల్ల అని వరుసలో మగవాళ్ళంతా అనుకునేవారు. ఊరికి పోదామని అక్క ఏడుపు. పోయి ఏం తిందామని బావ అరుపు.

మరి మా వరుస ఆడవాళ్ళు ఏం చేస్తున్నారంటారా? అలిగి కూర్చున్నారు. మనలో కలవదు, గర్వం, తలుపు వేసుకుంటుంది, మన పొయ్యి మీద వండితే ఆమె సొమ్మేం పోతుంది అని సణుగుళ్ళు. మా అమ్మ కూడా ఆ సణుగుళ్ళలో ఉంది.

ఒకరోజు నాయన చేతిలో అన్యాయంగా దెబ్బ తిని, ఏడుపూ కోపమూ కలిసి నేనే తిన్నగా పోయి అక్క తలుపు దగ్గర నిలబడ్డాను. మా నాయన నిద్ర పాడవుతోందని, సప్పుడు చేయొద్దని గట్టిగానే చెప్పాను. ఆమె చెమటతో తడిసిపోయి ఉంది. చేతిలో గరిటె ఉంది.

“మరి నేనేడ వండుకోవాలె? నడి బజార్ల వండుకోవాల్నా?” అంది.

“అందరు ఏడ వండుకుంటున్నరో గాడ వండుకో” అన్నాను.

నేను విసవిసా వచ్చేశాను. అవ్వ ఇంట్లో ఆడవాళ్ళందరి ముందూ ఆ సంగతి చెప్పాను. ఆమెకు ఏడ వండుకోవాల్నో తెల్వదట అనేసరికి అందరూ నవ్వారు. అవ్వ ఒక్కతే నవ్వలేదు. చింతపండు పిసుకుతున్న చేయి ఆపేసి, ఆ పిల్లకు ఎవరైనా చెప్పారా అని అడిగింది. ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన సంగతి అని కూడా ఎవరికీ తట్టలేదు. మా అమ్మ ముఖం చిన్నబోయింది. ఇప్పుడే పోయి పిలుచుకొస్తానని లేచింది.

అవ్వ ఆమె కొంగు పట్టి కూర్చోబెట్టింది. “పిలిస్తే సుట్టమైతది. సుట్టం రెండు దినాలు వస్తది, మూడో దినం మొకం చెల్లక ఇంట్లనే కూసుంటది. జరంత ఆగు” అంది.

ఆగడమంటే నాకు తిక్క రేగింది. ఈ ముసలిదానికి ఏం పోయింది, దెబ్బలు తినేది నేను కదా అనుకున్నాను.

రెండు వారాలు గడిచాయి. అవ్వ కొడుక్కి నైటు షిఫ్టు పడింది, బావ ఫస్టు షిఫ్టుకు పోయాడు. నాకు బాగా గుర్తు, ఆ సోమవారం అవ్వ ఒక చంకలో బియ్యం పోసిన గంజు గిన్నె, మరో చేతిలో కత్తిపీట, కొంగులో ఉల్లిగడ్డలతో బయల్దేరింది. కిరోసిన్ సీసా నా చేతికిచ్చి వెంట రమ్మంది. అక్క తలుపు ఓరగా వేసి ఉంది. అవ్వ తలుపు కొట్టలేదు. మోకాలితో నెట్టుకుని లోపలికి పోయింది, నేల మీద చతికిలబడింది, కత్తిపీట వాల్చుకుని ఉల్లిగడ్డ కోయడం మొదలుపెట్టింది. అక్క చాప మీద నుంచి లేచి కూర్చుంది. ఈలోగా అవ్వ నా చేతిలోని సీసా అందుకుని అక్క స్టవ్‌లో కిరోసిన్ పోసుకుంది, పంపు కొట్టింది, వెలిగించింది. గది నిండా హోరు.

అప్పుడు పేలింది అక్క. ఇన్ని రోజులూ మొగుడి మీద, దుమ్ము మీద, రేకుల మీద, ఊరి మీద ఉన్నదంతా ఆ ముసలమ్మ మీద కుమ్మరించింది. ఇన్ని దినాలూ ఒక్కరూ పలకరించలేదట, నీళ్ళ దగ్గర మాట్లాడుతుంటే ఆమె రాగానే ఆపేస్తారట, ఇప్పుడు మాత్రం దొరసానిలాగ లోపలికి వచ్చేశారట. నేను గడప అవతలికి జరిగాను. ఇంతింత మాటలు అవ్వను అన్నవాళ్ళను నేను చూడలేదు.

“అడగకుంట నా ఇంట్లకు వచ్చి నా పొయ్యి ముట్టిస్తవా? ఎవలనుకున్నవ్? ఇది నా ఇల్లు!” అని అరిచింది.

అవ్వ స్టవ్ తగ్గించింది. హోరు తగ్గాక నింపాదిగా తలెత్తింది.

“గదే బిడ్డా. నీదే ఇల్లు. నీ ఇంట్లకు వచ్చినకాడికెల్లి గీ మాట కోసమే చూస్తున్న” అంది. తర్వాత విడమరిచి చెప్పింది. ఈ వారం మీ ఆయన ఫస్టు షిఫ్టు కాబట్టి నీ ఇల్లు మాది. మీ ఆయనకు నైటు షిఫ్టు పడిన వారం ఎవరిది ఫస్టు షిఫ్టయితే వాళ్ళ ఇల్లు నీది. తలుపు కొట్టేది లేదు, అడిగేది లేదు.

అక్క ఏడ్చింది. కరిగిపోయి ఏడ్చిందని రాస్తే బాగుంటుంది గానీ, అది కోపంతో ఏడ్చిన ఏడుపు. ఈ ముక్క ముందే ఒక్కరు చెప్పి ఉంటే నా మొగుని మస్టర్లు పోయేవా అని అడిగింది. మా అమ్మా, ఇంకో ఇద్దరూ అప్పటికే గంజులు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. మాకు కూడా ఎవరూ చెప్పలేదు బిడ్డా, చూసి నేర్చుకున్నాం అని అవ్వ మెల్లగా అంది. అది జవాబు కాదని అవ్వకూ తెలుసు. అక్క ముక్కు చీదుకుని, ఆ ఉల్లిగడ్డ గట్ల లావుగ కోస్తే కూర ఏం రుచి వస్తదని విసుక్కుని, కత్తిపీట తన వైపు లాక్కుంది.

బావకు మళ్ళీ నైటు షిఫ్టు పడిన వారం మా నాయన ఫస్టు షిఫ్టులో ఉన్నాడు. నేను గుమ్మానికి అడ్డంగా బోర్లా పడుకుని బొమ్మలు గీసుకుంటున్నాను. కాలితో ఎవరో నా నడుం మీద తట్టారు. చూస్తే అక్క. చంకలో గంజు, చేతిలో వంకాయలు. “లేవే, దారికి అడ్డం పన్నవ్. లేచి ఉల్లిగడ్డ పొట్టు తియ్యి” అంది, సొంత చెల్లెలికి చెప్పినట్టు. నాకు చెప్పలేనంత చిరాకేసింది. లేచి ఉల్లిగడ్డ పొట్టు తీశాను. గోడ అవతల బావ గురక పెడుతున్నాడు.

ఆ ఏడు బావకు మస్టర్లు చాలలేదు. మేము చెప్పకుండా పోగొట్టిన ఆ వారాలే తక్కువయ్యాయి. ఆ తరువాతి ఏడు పర్మినెంటయ్యాడు. ఒక మాట చెప్పనందుకు ఒక సంసారానికి ఒక సంవత్సరం పోయిందన్న ఉక్రోషం నాకు ఇప్పటికీ పోలేదు. అక్క వాళ్ళు ఇప్పటికీ గోదావరిఖనిలోనే ఉన్నారు. ఊరికి పోదామన్న మాట మళ్ళీ నేను గోడ అవతల నుంచి వినలేదు.

తెలంగాణ వచ్చిన ఏడాదే నా పెళ్ళయింది. నేనూ మా ఆయనా ఎవరూ తెలియని పుణెకి వచ్చిపడ్డాం. ఆయన ఫ్యాక్టరీలోనూ షిఫ్టులే. ఇక్కడ గోడలు పైకప్పు దాకా ఉన్నాయి, తలుపులకు లోపల్నించి చూసే కన్ను ఉంది. నీళ్ళు ఎప్పుడొస్తాయో, చెత్త బండి ఎటు వస్తుందో ఒక్కరూ చెప్పలేదు. కొన్నాళ్ళు నేనూ అక్కలాగే తలుపు వేసుకుని ఊరిని తిట్టుకున్నాను. తర్వాత బాండీ, ఉల్లిగడ్డలు పట్టుకుని పక్క ఫ్లాటు గంట కొట్టాను. భాష రాదు కాబట్టి మా ఆయన నిద్రను చేతులతో అభినయించి చూపించాను. ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి తలుపు వేసేసింది. ఎదురింటామె వేయలేదు.

ఇప్పుడు మా మెట్ల మీద కొత్త సామాను చప్పుడు వినిపించిందంటే నా కాలు ఇంట్లో నిలవదు. ఏమైనా కావాలా అని అడగను. అడిగితే ఎవరైనా వద్దనే అంటారు. కత్తిపీట తీసుకుని పోయి వాళ్ళింట్లో కూర్చుంటాను. నీళ్ళ వేళలూ, లిఫ్టు చెడిపోయే రోజులూ, అన్నీ వాళ్ళడగకముందే చెప్పేస్తాను. మా పాప సిగ్గుతో చస్తుంది. కొందరు కొత్త కోడళ్ళు, ఎవరీ మనిషి, మా ఇంట్లోకి ఇట్లా వచ్చేసింది అన్నట్టు ముఖం ముడుచుకుంటారు. ఆ ముడత కనబడగానే నాకు మనసులో నిమ్మళంగా ఉంటుంది. ‘మా ఇల్లు’ అనుకున్నారుగా, ఇక ఉంటారులే అనుకుని ఉల్లిగడ్డలు కోయడం మొదలుపెడతాను.