టైటిల్స్ అయ్యాక తలుపు మూసే నూకన్న

మా చిట్టితల్లి ఇక జన్మలో నీళ్ళు ముట్టుకోదేమోనని భయమేసింది. నాలుగేళ్ళ పిల్ల. బకెట్ చూస్తే చాలు, గొంతు చించుకుని ఏడుస్తోంది. ఆరు రోజులుగా తడిగుడ్డతో తుడవడమే. ఏడో రోజు కోపం పట్టలేక నూకన్న మీదికి వెళ్ళాను.

పరాయి దేశంలో మా తెలుగువాళ్ళు స్థిరపడ్డ ఆస్టినాబాద్‌లో నూకన్నది ఒక రేకుల షెడ్డు. ఆదివారం మధ్యాహ్నాలు అందులో ప్రొజెక్టరు పెట్టి సినిమాలు వేస్తాడు. అంతకుముందు ఇరవై రెండేళ్ళు విశాఖ నుంచి నడిచే ప్రయాణికుల ఓడలో సినిమాలు వేసే వీడియో గది చూసుకున్నాడు. అతను నవ్వగా చూసినవాళ్ళు లేరు. టైటిల్స్ అయ్యేదాకా తలుపు తీసి ఉంచుతాడు, అవగానే మూసేస్తాడు. ఆలస్యంగా వచ్చినవాళ్ళను తిట్టి పంపుతాడు. అది పొగరని అందరూ అనుకుంటారు. నేనూ అనుకున్నాను. అంతకుముందు ఆదివారం పిల్లతో ఆలస్యంగా వెళ్ళి, "పేర్లే కదా బాబాయ్ పోయినవి, కథ ఇంకా మొదలవలేదుగా" అంటూ అతన్ని తోసుకుని లోపలికి దూరాను. తెర మీద ఎండ, పూలతోట, ఆడుకుంటున్న పాప. పిల్లల సినిమా అనుకున్నాను. ఇరవయ్యో నిమిషంలో ఆ తోటలోని నూతిలోంచి ఒక చెయ్యి పైకి వచ్చింది.

"పిల్లలున్న చోట ఇలాంటివి వేస్తావా? సిగ్గులేదూ?" అని అరిచాను.

"నాకేటి సిగ్గు? తోసుకొచ్చింది నువ్వు కాదేటి? అంత సైన్సు సదివావు, దిమాగ్ నహీ హై క్యా? కూకో. సూడు."

ఆ సినిమా టైటిల్స్ మాత్రమే వేశాడు. నల్లటి నీళ్ళు. అడుగు నుంచి ఒక్కో అక్షరం తేలి, పేరు పూర్తికాకముందే మునిగిపోతోంది. పాట లేదు. డప్పు మీద ఒకే దెబ్బ. మొదట నాలుగు సెకన్లకొకటి, తర్వాత మూడుకు, తర్వాత రెండుకు. లెక్కపెడుతూ కూర్చున్న నాకే చెమటలు పట్టాయి. తెర మీద ఇంకా ఒక్క మనిషైనా కనబడలేదు.

"సమజ్ అయ్యిందా? భయపెడతానని సినిమా తీసినోడు ముందే సెప్పేశాడు. తర్వాత ఎండా పూలూ ఎన్ని సూపించినా, ఇది సూసినోళ్ళు నమ్మరు. ఓడలో మూడు రోజుల పెయానం. పిల్ల ఒకసారి దడుసుకుందంటే ఒడ్డుదాకా ఏడుపే. అందుకే పేర్లు అయిపోయేదాకా తలుపు తీసుంచేవోణ్ణి. ఎల్లిపోయేవోళ్ళు అప్పుడే ఎల్లిపోవాల. పేర్లు సూడనోణ్ణి తర్వాత లోనికి రానిచ్చేవోణ్ణి కాదు."

"ఆ ముక్క బోర్డు మీద రాసి పెట్టొచ్చుగా?"

"రాస్తే సదివేదెవరు? ఇక్కడి కుర్రోళ్ళకి తెలుగు సదవడమొచ్చేటి? డప్పయితే అందరికీ ఇనబడతాది."

"మరి మా పిల్ల సంగతి?"

"నీ పిల్ల, నీ బకెట్. నన్నడక్కు. జావ్."

పదకొండో రోజున చిట్టితల్లి తనంతట తానే బకెట్లో చెంబు ముంచింది. ఆ మాట నేను అతనికి చెప్పలేదు, అతనూ అడగలేదు. ఈనాటికీ మాకు మాటల్లేవు. కానీ గొడవపడ్డ ఆరోజు షెడ్డు గుమ్మం దాటుతుంటే వెనక నుంచి అతను అరిచింది మాత్రం, పిల్లతో ఏ సినిమాకు వెళ్ళినా పాటిస్తున్నాను: "పేర్లు పడతన్నప్పుడు నువ్వు తెరకేసి సూడకు, పిల్ల కాళ్ళకేసి సూడు. కాళ్ళు ముడుసుకుందా, ఎత్తుకుని ఎల్లిపో."