బస్సులో ఒక అక్క

ఆ రోజంతా జార్జ్‌టౌన్‌లో ఖరీదైన షాపుల అద్దాలు చూస్తూ ఒక్కడినే తిరిగి, సాయంత్రం బస్సెక్కాను. పక్క సీట్లో ఒకావిడ తెలుగులో ఫోన్ మాట్లాడి పెట్టేసింది. ఒళ్లోంచి ఆవిడ స్కార్ఫ్ జారింది.

"అక్కా, మీ స్కార్ఫ్," అంటూ అందించాను.

ఆవిడ తీసుకోకుండా నా ముఖంలోకి చూసింది.

"ఇక్కడ అందరూ ఆంటీ అనే అంటారండీ. అక్కా అనేవాడు మా తమ్ముడొక్కడే. కిందటి నెల పోయాడు. మన దేశం వెళ్తే, తిరిగి రావడానికి మళ్లీ వీసా స్టాంపింగ్ అవుతుందో లేదోనని ఇక్కడే ఉండిపోయాను. వాడొస్తే ఈ వీధులన్నీ తిప్పుతానన్నాను. ఇవాళ నేనొక్కదాన్నే తిరిగొచ్చాను."

స్కార్ఫ్ ఆవిడ ఒళ్లో పెట్టాను. ఆవిడ దిగే స్టాప్ వచ్చింది.

"జాగ్రత్త అక్కా," అన్నాను.

మెట్టు మీద ఆగి, వెనక్కి చూడకుండా, "వస్తానురా," అంది.

ఆ 'రా' నాకు కాదు. అయినా "సరే అక్కా" అన్నాను.