ప్రార్థనకు ఇచ్చిన పేరు

పంతొమ్మిది వందల ఎనభైల్లో నాకు టీబీ వచ్చింది. ఇంట్లో అందరూ ఏడుస్తుంటే, ఒకరన్నా నవ్వించాలి కదా అని ఆ పని నేను పెట్టుకున్నాను. ఒకరోజు నంద్యాలలో ఎక్స్‌రే తీయించుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను. బతుకుతానో లేదో డాక్టరు ఇంకా తేల్చలేదు.

పక్క సీట్లోని ముసలామె నా ఒళ్లో ఎక్స్‌రే చూసింది.

"ఏం రోగమప్పా?"

"టీబీ అవ్వా. దూరం జరుగు."

ఆమె జరగలేదు. "పేరూ ఊరూ చెప్పు. ఆదివారం చర్చిలో నీ కోసరం ప్రార్థన చేస్తా."

"సుబ్బరాయుడు, కోవెలకుంట్ల" అన్నాను, తమాషాకి.

ఆమెకు చదువు రాదు. మర్చిపోకుండా దారి పొడవునా "సుబ్బరాయుడు, కోవెలకుంట్ల" అని గొణుక్కుంటూనే ఉంది. మొదట నవ్వొచ్చింది. నాలుగు మైళ్లు పోయాక, ఎవడో సుబ్బరాయుడు నా బదులు బాగుపడుతున్నట్టు కడుపు మండింది.

శిరివెళ్లలో ఆమె దిగింది. బస్సు కదిలింది. నేను కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాను.

"అవ్వా, నా పేరు ఓబులేసు!"

"ఊరన్నా నిజమేనా, సచ్చినోడా?"

"అదీ కాదు! ఆళ్లగడ్డ!"

బస్సంతా గొల్లున నవ్వింది. జనాన్ని నవ్వించడం నాకు అలవాటే గానీ, ఆ పూట నేను ఆ పని మీద లేను.